నలభై పిన్నులు

జూన్ 12

ప్రియమైన నాన్నా,

నీకంటే ముందు ఈ ఉత్తరం విప్పి చదివే జైలు సారుగారికి నమస్కారం. సారూ, ఇందులో రహస్యాలేమీ లేవు, తొందరగా మా నాన్న చేతికివ్వండి.

కమ్యూనిటీ కాలేజీలో చేరిపోయాను. మెషినిస్టు కోర్సు, రెండేళ్ళు. బట్టల కొట్లో మీటరు బద్ద పట్టుకున్న చేత్తో ఇప్పుడు ఇనుము చెక్కే లేత్ మెషీను తిప్పుతున్నాను. పద్దెనిమిది మందిలో ఆడవాళ్ళం ఇద్దరమే. మా మాస్టారి గోళ్ళలో నూనె నలుపు ఈ జన్మకి పోదు, అందుకని నూనె మాస్టారని పేరు పెట్టాం. మాటకు ముందు 'వేళ్ళు జాగ్రత్త' అంటాడు, మాట అయ్యాక కూడా అదే అంటాడు. ఆయన ఎడమచేతికి నాలుగే ఉన్నాయిలే.

నిన్న నా పరువు పోయింది. ఆరు ఇనప ముక్కలు ఒకే మందానికి చెక్కి, ఒక్కోదాని కొలతా రాసివ్వమన్నారు. రెండు కొలిచాను, సరిగ్గా ఉన్నాయి. మిగతావీ నేను చెక్కినవేగా అని నాలుగింటికీ అదే అంకె రాసేశాను. మాస్టారు ఐదోది కొలిచి, అందరి ముందూ నా కాగితం చింపేశాడు. తల కొట్టేసినట్టయింది నాన్నా. పంతొమ్మిదేళ్ళు ఫ్యాక్టరీలో కొలతల బల్ల దగ్గర కూర్చున్నవాడి కూతురు చెయ్యాల్సిన పనేనా? నువ్వుంటే చెవి మెలేసేవాడివి.

ఎవరేమన్నా అనుకోనీ. లిఫ్టుని పట్టి ఉంచే ఆ ఇనప పిన్నులు నలభైనీ నువ్వు కొలిచే పంపావు. కోర్టులో నువ్వు చెప్పిన ఆ ఒక్క మాట పట్టుకునే అమ్మా నేనూ మూడేళ్ళుగా వీధిలో తలెత్తుకు తిరుగుతున్నాం. పిన్ను జారి, లిఫ్టు పడి ఇద్దరు పోయారంటే తప్పు ఇంకెక్కడో జరిగింది. అదేంటో తెలుసుకోవడానికే ఈ చదువు. నీ పనిముట్ల పెట్టె కూడా అటక మీంచి దించాను.

నీ కందిరీగ

జూలై 3

నా కందిరీగకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ నన్ను కుట్టుపనిలో వేశారు. దిండు గలీబులు కుడుతున్నాను. కుట్టు వంకరపోతే పక్క మిషను ముసలాయన పడీపడీ నవ్వుతాడు.

జుట్టు గట్టిగా ముడేసుకో. పొడుగు చేతుల చొక్కా వేసుకుని మెషీను దగ్గరికి పోకు. పొద్దున్నే, మందం కొలవడం మొదలుపెట్టే ముందు, మైక్రోమీటరు పూర్తిగా మూసి చూడు. గీత సున్నా మీద నిలవాలి. నిలవకపోతే ఆ రోజు కొలిచిందంతా తప్పే.

మీ మాస్టారు కాగితం చింపి మంచి పని చేశాడు. కొలవనిది రాయకు. ఇంతకంటే రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ పెట్టె ఎందుకు దించావు? పనిముట్లు కాలేజీ వాళ్ళే ఇస్తారుగా. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నాన్న

ఆగస్టు 8

ప్రియమైన, ప్రాణమైన నాన్నా,

దొరికింది! నువ్వు చెప్పినట్టే మైక్రోమీటరు మూసి చూశాను. కాలేజీది కాదు, నీది. గీత సున్నా మీద నిలవలేదు! కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను. మాస్టారికి చూపించాను. మిల్లీమీటరులో మూడు వందో వంతులు ఎక్కువ చూపిస్తోందన్నాడు. అంటే పిన్ను సన్నంగా ఉన్నా, ఇందులో పెడితే సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. నువ్వు కొలిచావు నాన్నా, నీ పనిముట్టే నిన్ను ముంచింది. పోలీసులు పిన్నులు పట్టుకెళ్ళారు, రిజిస్టరు పట్టుకెళ్ళారు, అసలుదాన్ని మాత్రం పెట్టెలో పడేసి మనింటికి పంపేశారు. ఏమనాలి వాళ్ళని!

దాన్ని ఆరునెలలకోసారి సరిచూడాల్సింది మీ ఫ్యాక్టరీ పనిముట్ల గది మావయ్య. దానికి అంటించిన చీటీ మీద ఆయన సంతకమే ఉంది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. కానీ ఆయన చేసిన తప్పుకి నువ్వు లోపలుంటే ఎలా?

లాయరుగారు అప్పీలుకి ప్రాణం వచ్చిందన్నారు. నీకు కాగితాలు పంపుతున్నారు, సంతకం పెట్టు చాలు. మొన్న అమ్మ కూనిరాగం తీస్తూ అంట్లు తోమింది. గుమ్మం పక్కన నిలబడి, తను చూడకుండా విన్నాను.

నీ కందిరీగ

సెప్టెంబరు 2

నాన్నా,

ఏమైంది? నెల కావస్తోంది, ఒక్క ముక్క రాయలేదు. కాగితాలు సంతకం లేకుండా తిరిగొచ్చాయట. ఒంట్లో బాగాలేదా? అక్కడెవరైనా బెదిరిస్తున్నారా? పదిహేనో తారీఖు గడువు. అమ్మకి అబద్ధం చెప్పాను, సంతకం పెట్టేశావని. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు నాన్నా, నీకు దణ్ణం పెడతాను.

నీ కందిరీగ

సెప్టెంబరు 7

తల్లీ,

ఒంట్లో బాగానే ఉంది. నన్నెవరూ ఏమీ అనలేదు.

కోర్టు కాగితాల్లో జారిన పిన్ను కొలత ఉంటుంది, తీసి చూడు. ఉండాల్సిన దానికంటే ముప్పై వందో వంతులు తక్కువ. నీకు దొరికిన తేడా మూడు. మూడు తీసేసినా ఇరవై ఏడు మిగులుతాయి. ఆ చెడిపోయిన మైక్రోమీటరులో పెట్టినా ఆ పిన్ను దొరికిపోయేది. నేను పెట్టలేదు.

నలభైలో మూడు కొలిచాను. మూడూ సరిగ్గా ఉన్నాయి. గేటు దగ్గర లారీవాడు హారన్ కొడుతున్నాడు, నాకు ఆకలేస్తోంది. అంతకుమించి కారణం ఏమీ లేదు, వెతక్కు. మిగతా ముప్పై ఏడూ కూర్చుని రాసేశాను. అన్నింటికీ ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని, ఒకదానికి ఒక వంతు పెంచి, ఇంకోదానికి ఒకటి తగ్గించి రాశాను. నువ్వు తెలియక అదే అంకె వేశావు. నేను తెలిసి మార్చి వేశాను.

కోర్టులో అన్నీ కొలిచానన్నాను. మీ ఇద్దరి మొహాలూ ఎదురుగా కనిపించాయి, ఇంకో మాట నోట రాలేదు. తర్వాత మీరు నమ్మినకొద్దీ చెప్పడం కష్టమైపోయింది. పోయినవాళ్ళలో ఒకతె ఉద్యోగంలో చేరి నాలుగు రోజులేనట. ఆ మాట జడ్జిగారు చదివినప్పుడు నేను కాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను.

పనిముట్ల గది మావయ్య చీటీ అంటించినప్పుడు మైక్రోమీటరు బాగానే ఉంది. ఫ్యాక్టరీలో నా చివరి రోజు పొద్దున కూడా సున్నా కలిసింది. పెట్టె ఇంటికి మోసుకొచ్చినప్పుడు ఎక్కడో పడేసి ఉంటారు. ఆయన జోలికి పోకు.

ఈ ఉత్తరం గేటు దాటేలోపు ఇక్కడి సారు చదువుతాడు. చదివింది పైకి చెబుతాడు. తెలిసే రాస్తున్నాను. ఇక అప్పీలు ఉండదు.

నువ్వు ఆ పని మానెయ్యకు.

నాన్న

జనవరి 20

నాన్నా,

నాలుగు నెలలు నీకు రాయబుద్ధి కాలేదు. ఏమని రాయను? నీ ఉత్తరం చదివి అమ్మ పొయ్యి ఆర్పేసి గోడవైపు తిరిగి పడుకుంది. రెండో రోజుకి గానీ లేవలేదు. ఇప్పటికీ నీ పేరు ఎత్తనివ్వదు. కూరగాయలకి పక్క వీధి చుట్టూ తిరిగి వెళుతోంది. నేను పనిముట్ల గది మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన మీద ఏం అనుకున్నానో, లాయరుగారితో ఏం చెప్పానో అంతా చెప్పేశాను. ఆయన లేచి తలుపు తీసిపెట్టాడు, బయటికి వచ్చేశాను.

కాలేజీ మానలేదు. నీ మాట మీద మాత్రం కాదు.

మొన్న మొదటి పరీక్ష జరిగింది. పన్నెండు పిన్నులు చెక్కి, కొలిచి, రాసివ్వాలి. ఒక్కటి తేడా వచ్చినా పోయినట్టే. ఆరు సరిగ్గా వచ్చాయి. ఏడోది కొలిస్తే రెండు వందో వంతులు తక్కువ. ఇంకోటి చెక్కడానికి టైము లేదు. మిగతా ఐదూ బాగానే ఉన్నాయి. మాస్టారు అటు తిరిగి అద్దాలు తుడుచుకుంటున్నాడు. నా పక్కవాడు పన్నెండింటికీ ఒకే అంకె వేసి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు నీ చెయ్యి ఎంత సులువుగా రాసి ఉంటుందో అప్పుడు తెలిసింది. నా చెయ్యి కూడా అలాగే లేచింది నాన్నా, అందుకే భయమేసింది.

ఉన్న అంకే రాశాను. ఫెయిలయ్యాను. పక్కవాడు పాసయ్యాడు. ఈ ఆరు నెలల చదువూ మళ్ళీ మొదటినుంచి చదవాలి. మాస్టారు ఆ ఏడో పిన్నుని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గుతుందని మాటివ్వలేను. ఆదివారం వస్తున్నాను, అమ్మ రాదు. లోపలికి ఇనుము తేనివ్వరు కాబట్టి పిన్ను గేటు దగ్గర ఇచ్చి, వెళ్ళేటప్పుడు తీసుకుంటాను. నాతో ఏం మాట్లాడాలో ఆలోచించి పెట్టుకోకు. ఆ నలభై పిన్నుల గురించి మొదటినుంచి చెప్పు, వింటాను.

కందిరీగ