మనిషి వచ్చి అడగాలి

ఓటర్ల జాబితా అధికారి గారికి నమస్కారం.

పేర్ల తీసివేత మీద కొత్త చట్టం తెస్తున్నారని, జనం అభిప్రాయం రాయమన్నారని మా పక్కింటి టైలరు పేపరు చదివి చెప్పాడు. నేను గొడుగులు బాగుచేసుకునేవాణ్ణి. పెద్దగా రాయడం రాదు.

కిందటేడు మా ఇంటావిడ కాలం చేసింది. ఆమె పేరు తీయించడానికి ఆఫీసుకు వెళ్లి ఫారం నింపాను. ఏ కాగితమైనా ముందు పైన మన పేరు రాయాలని చిన్నప్పుడు బడిలో పంతులుగారు నేర్పారు. అలాగే పైన నా పేరు, కింద ఆమె పేరు రాశాను. పై గడి తీసేయాల్సిన పేరు రాయడానికట. ఎవరినైనా అడుగుదామంటే వెనక జనం ఉన్నారు, మొహమాటపడ్డాను.

మొన్న ఓటుకు వెళితే అక్కడి అమ్మాయి జాబితా చూసి, "తాతా, ఇందులో నువ్వు లేవు. మీ ఇంట్లో మామ్మ ఒక్కతే ఉంది" అంది. వెనకే ఉన్న టైలరు, "అప్పుడూ ఆవిడ మాటే చెల్లేది, ఇప్పుడూ అంతేనా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓటు వేయకుండా ఇంటికి రావడం నాకు అదే మొదలు.

పేరు తీసేముందు మనిషి ఇంటికొచ్చి అడగాలని కొత్త చట్టంలో ఉందట. దయచేసి ఆ ముక్క తీసేయకండి.

నా పేరు మళ్లీ చేర్చమని ఫారం ఇచ్చాను. వచ్చే ఎన్నికలకు ఖాయం అన్నారు. ఆమె పేరు గురించి మీ మనిషిని పంపండి. ఆమె లేదని నా నోటితో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి అడిగితే చెబుతాను.

మీ మనిషి కోసం చూస్తూ,
గొడుగుల తాత