మిల్లు కాటా చెప్పిన బరువు

చి. హైమకు, గూడూరు నుంచి నాన్న దీవించి రాసేది.

నా గుండె జబ్బు చూడటానికి బందరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే నర్సు కరుణ దగ్గర ఒక సెల్లుంది. ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చోగానే అది కుయ్యిమంటుంది. అందులో చూసుకుని, "బరువు చూద్దామండీ, ఉప్పు తగ్గించారా అండీ, కాళ్లు చూపించండి" అంటుంది. ఎవరు పంపుతున్నారమ్మా అంటే, "ఆసుపత్రి కంప్యూటరండీ, మేం ఏదీ మర్చిపోకుండా" అంటుంది. నేను మాగాయ వేసుకున్నానని మీ అమ్మ నీకు ఫోనులో చెప్పిన మర్నాడే ఉప్పు సంగతి కంప్యూటరుకి ఎలా గుర్తొచ్చింది?

మొన్న తన మిషను మీద నిలబెట్టి, బరువు పెరిగారు, ఒంట్లో నీరు చేరుతోంది అంది. నీ మిషనే తప్పు అన్నాను. ఊరుకోబుద్ధి కాక రైసుమిల్లుకి వెళ్లి, ధాన్యం తూచే కాటా ఎక్కాను. ఎవరి బస్తానైనా తక్కువ చూపించే కాటా అది, నీకూ తెలుసు. అది కూడా నన్ను పాత బరువు కంటే ఎక్కువే చూపించింది. ఇక నోరు మూసుకుని కరుణ ఇచ్చిన బిళ్ల వేసుకున్నాను. కాళ్ల వాపు దిగింది, కంగారు పడకు.

బాబుకి జ్వరం తగ్గిందా? నా కళ్లజోడు మీ ఇంట్లోనే ఉండిపోయింది, ఎవరైనా ఇటొస్తుంటే పంపు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

నిజం చెప్పు, ఆ సెల్లుకి కబుర్లు పంపేది నువ్వేనా? నువ్వే అయితే, మీ అమ్మ కాళ్లు కూడా చూడమని పంపు. కుచ్చిళ్లు కిందికి లాక్కుని తిరుగుతోంది. నేనడిగితే ఏమీ లేదంటోంది.

నాన్న, శోభనాద్రి