ఆవిడ పేరు రాయను

టెక్కలి,
14-8-2014

అమ్మకు హైమ నమస్కారం. ఫోన్లో నా గొంతు వింటే కంగారు పడతావని కార్డు రాస్తున్నాను.

మా సర్వేలో ఆడవాళ్లకు ఎక్కడ భయమేస్తుందో అడుగుతున్నాం. మొన్న ఒకావిడ, పేరు కార్డు మీద రాయను, "బయట కాదమ్మా, ఇంట్లోనే" అంది. సాయంత్రం ఆమె భర్త నా గదికి వచ్చాడు. "మా ఆడది ఏటి సెప్పింది? నువ్వు రాసుకున్న ఆ పుస్తకం సూపించు" అన్నాడు. పేర్లే రాయలేదని అబద్ధమాడాను. నిన్న ఆవిడ రోజూలా చేపలమ్మే బుట్టతో బయటికి రాలేదు. అంగన్‌వాడీ టీచరును తోడు తీసుకెళ్లి తలుపు కొట్టాను. ఆవిడే తీసింది. పెదవి చిట్లి ఉంది. "నా మాట సెరపకమ్మా, ఉండనీ" అంది.

పుస్తకం నీకు రిజిస్టరు పోస్టులో పంపాను. విప్పకుండా బీరువాలో పెట్టు. చెల్లి జ్వరం తగ్గిందా? నాన్నగారికి నమస్కారాలు. ఈ రోజు నుంచి నేను టీచరు గారింట్లో ఉంటాను. పెదవి చిట్లిన ఆమెకు మాత్రం భయమేసే తన ఇల్లే దిక్కు.

హైమ