తొంభై ఒకటి సీసా

అక్కా,

ముప్ఫై ఏళ్ల తర్వాత ఈ పిలుపు రాయడానికి చెయ్యి రాలేదు. అయినా రాస్తున్నాను.

నిన్న మా ఆయన ఫిర్మాన్ సంవత్సరీకం. చర్చి నుంచి వచ్చాక, మన ఇంటి ఆనవాయితీగా నాన్నకి చేసినట్టే, ఫిర్మాన్ మా కింది తోట ద్రాక్షతో చేసిన వైన్ ఏడాదికో సీసా చొప్పున బల్ల మీద పెట్టించాను. కొత్తదాంతో మొదలుపెట్టి పాతదాని దాకా రుచి చూడాలిగా. పక్కింటి అషీల్ నోటికి తాళం లేదని నీకు తెలుసు. "జినెట్, ఈ సీసా నింపిన ఏడు నీ మొగుడు నీతో పోట్లాడి ఉంటాడు, పులుపు తెలుస్తోంది," అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆయన పోయాక నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత తొంభై ఒకటో ఏటి సీసా పోశారు. ఏప్రిల్ మంచు మా చిగుళ్లన్నీ మాడ్చేసిన ఏడు. మంచెప్పుడూ పల్లానికే దిగుతుంది, మెరక మీదున్న నీ తోట బతికింది. "రెండో చిగురుకి కాసిన్ని గుత్తులొచ్చాయిలే," అని ఆయన చెబితే నమ్మాను. ఆ వైన్ అమ్ముడుపోబట్టే మా ఇల్లు నిలబడింది. ఇంట్లో మాత్రం ఒక్క సీసా తెరవనివ్వలేదు.

గుక్క నోట్లో పడగానే పచ్చి అక్రోటు తొక్క వగరు తగిలింది. మా తోటలో అది ఎన్నడూ లేదు. చిన్నప్పుడు మనం గౌన్లలో దాచుకుని తిన్న పై తోట ద్రాక్ష అది. నాన్న నీకిచ్చిన తోట. ఆయన శవం ఇంట్లో ఉండగానే, మాయమాటలు చెప్పి రాయించుకున్నావని నిన్ను నలుగురిలో తిట్టి, దాని చుక్క నా నోట పడనివ్వనని ఒట్టేసుకున్నాను.

"అన్నిట్లోకీ ఇదే గొప్పది," అన్నాడు అషీల్. నేను మింగేశాను.

అన్ని మాటలన్నా నా ఇల్లు నిలబెట్టావు. మీరిద్దరూ నా దగ్గర దాచారని మొదట ఒళ్లు మండింది. తెల్లారేసరికి ఏడుపే మిగిలింది. ఆదివారం వస్తాను. లోపలికి రానిస్తే చాలు.

నీ చెల్లెలు,
జినెట్

•

జినెట్,

నీ నాలుక ఎప్పుడూ తప్పు చెప్పదు. అది నా పండే. కానీ నన్ను దేవతని చెయ్యకు.

ఆ సెప్టెంబరులో ఫిర్మాన్ టోపీ చేత్తో పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. "వదినా, పిల్లల మొహం చూసైనా మీ ద్రాక్ష ఇవ్వండి," అన్నాడు. నాకు జాలి కలగలేదు. "పట్టుకెళ్లు మరిదీ, డబ్బొద్దు. దానికి చెప్పకు. ఒక్క సీసా మాత్రం ఈ ఏడాది అరలో ఉంచు," అన్నాను. ఎందుకు ఉంచమన్నానో అతనికి అర్థమైంది. "ఇంతకన్నా దాన్ని పిలిచి చెంప మీద కొట్టండి, తేలిగ్గా పోతుంది," అన్నాడు. అయినా గతిలేక తీసుకెళ్లాడు.

అతని సంవత్సరీకానికి ఆ సీసా నీ బల్ల మీదికి వస్తుందని తెలుసు. నా తోట పెట్టిన తిండి తిన్నావని నీ నాలుకే నీకు చెప్పాలి, నలుగురి ముందు నీ ఒట్టు నీ గొంతులోంచే దిగిపోవాలి. ఆ ఆశతో ఇన్నాళ్లూ ఎదురుచూశాను. అంటే అతని చావు కోసమే ఎదురుచూశానన్నమాట. నీ ఉత్తరం చదివేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. నాకేమీ చెడు చెయ్యని మనిషి.

నువ్వు తిడుతూ రాస్తావనుకున్నాను. దానికి జవాబులు ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను. ఏడ్చానని రాస్తే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఆదివారం రావద్దు. వస్తే తలుపు తీస్తానేమోనని భయంగా ఉంది.

సొలాంజ్