మీరు గీసిన గడి

సార్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ తర్వాత మన వైరస్ పరిశోధన క్యాంపస్‌లో కొత్త ఫారం అచ్చేశారు. తార్నాక కోళ్ల దుకాణాల్లో వైరస్ పరీక్షకు కోళ్ల నమూనాలు తీసినప్పుడు నింపేది. కోడి వయసు, బరువు అన్నీ ఉన్నాయి. కోళ్లు పట్టేవాళ్ల దగ్గు, జ్వరం రాయడానికి మీరు స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసే గడి మాత్రం లేదు. పక్షుల వైరస్ మనిషి గొంతుకు అలవాటుపడేది మనిషిలో చేరాకే అని ఎంత మొత్తుకున్నారు! ఎవరికి పట్టింది? ఒళ్లు మండిపోతోంది.

ఇవాళ దుకాణంలో కోళ్లు పట్టే యాదయ్య కళ్లు ఎర్రబడి, ఆగకుండా దగ్గుతున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తూ, "ఎన్ని రోజులైంది అన్నా?" అని అడిగాను.

"నాలుగు దినాలాయె మేడమ్. గా సార్ పోయినంక గిట్ల అడిగినోళ్లే లేరు."

ఏడాదిగా నెలనెలా ఫారం పట్టుకుని ఆ దుకాణానికి వెళ్తున్నది నేనే సార్.