పక్క సీటు కింద తడి

జూన్ 4

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కారులో తడి గురించి డైరీ రాసుకునే ముసలాడిని చూస్తే నాకే నవ్వొస్తుంది. కానీ ఇవాళ డయాలసిస్ దగ్గర నర్సు మా బావగారి బూటు విప్పి మేజోడు పిండితే నీళ్ళు కారాయి. వేళ్ళ సందులు నానిన కాగితంలా తెల్లగా ఉన్నాయి. బయట వాన లేదు. ఆయన నడిచిందల్లా వాళ్ళ గుమ్మం నుంచి నా కారు దాకా, కారు నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా.

బావగారంటే నా వియ్యంకుడు, మా కోడలి తండ్రి. వారానికి మూడుసార్లు నేనే తీసుకెళతాను. షుగరు వల్ల ఆయన పాదాలకు స్పర్శ పోయి మూడేళ్ళయింది. తడి తెలియలేదా అని నర్సు అడిగింది. తెలిస్తే మీ దాకా ఎందుకొస్తానమ్మా, మా బావగారి మీద కేసు పెట్టి ఉండేవాణ్ణి అన్నారాయన, నన్ను చూపిస్తూ. ఆమె నవ్వలేదు. ఈ కాలికి పుండు పడితే కాలే పోతుంది, తమాషాలు చెయ్యకండి అంది.

ఇంటికొచ్చి పక్క సీటు ముందున్న మ్యాట్ ఎత్తాను. కింద కార్పెట్ నొక్కితే నీళ్ళు పైకొచ్చాయి.

జూన్ 5, ఉదయం 7

నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాను. చేతి గడియారంలోకి నీళ్ళొచ్చే దారులు మూడే: అద్దం, వెనక మూత, కీ తిప్పే బొడిపె. ఒకాయన నూతిలో పడ్డ గడియారం తెచ్చి, ఏ టైముకి ఆగిందో చూడండి అంటే, మీరు దూకిన టైమా అని అడిగాను. మళ్ళీ రాలేదు. సరే, ఆ కథ ఇప్పుడెందుకు. కారుకు మాత్రం దారులు లెక్కలేదు.

తలుపుల రబ్బరు వెంట ముఖానికి రాసుకునే పౌడరు చల్లాను. లోపల టార్చితో నేను, బయట పైపుతో మా ఆవిడ. వచ్చాయా అని ఆవిడ, లేదని నేను. ఇన్నేళ్ళకి మీ మీద నీళ్ళు కుమ్మరించే అవకాశం వస్తే మధ్యలో ఈ అద్దమొకటి అంది. పౌడరు ఎక్కడా చెదరలేదు. అయినా ముందద్దం చుట్టూ సిలికాన్ పూశాను. అనుమానం తీరాలి కదా.

జూన్ 8

శనివారం ఆయన్ని కోడలు టాక్సీలో తీసుకెళ్ళింది. కారు మూడు రోజులు తలుపులు తెరిచి ఎండలో పెట్టాను. వరుగులా ఎండింది. గెలిచాను.

జూన్ 9

మళ్ళీ తడి. మబ్బు కూడా లేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు కట్టాను. నన్ను బజారు నుంచి తెస్తున్నారా బావగారూ అన్నారు. అంతకుముందు ఆసుపత్రిలో బూటు విప్పితే చిటికెన వేలి పక్కన నల్లటి మచ్చ. నర్సు దాన్ని చూసి నేరుగా డాక్టరు కోసం వెళ్ళింది. ఆ వెళ్ళడం నాకు నచ్చలేదు.

జూన్ 11, సాయంత్రం 5

సిగ్గు చంపుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పౌడరు కథంతా ఓపిగ్గా విని, ఏసీ వేస్తారా అన్నాడు. దారి పొడుగునా, మా బావగారికి ఉక్క పడదు అన్నాను. కారు కిందికి దూరి బయటికొచ్చి, ఇదెవరు పెట్టారండీ అన్నాడు. చేతిలో గట్టిపడిన సీలెంటు బిరడా.

ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టమట. కారడమే దాని పనట. దారి మూసేస్తే లోపలికి కాక ఎక్కడికి పోతాయండీ అన్నాడు. ఎవడో తెలివితక్కువవాడు అన్నాను. అవుననుకోండి, కానీ చాలా నీటుగా పెట్టాడు అన్నాడు.

ఇంటికొచ్చి ఈ డైరీయే వెనక్కి తిప్పాను. ఏప్రిల్ 21: “కారు కింద చుక్కలు. నాలిక మీద వేసుకుని చూశాను, వట్టి నీళ్ళే. గొట్టం కనిపెట్టి నేనే మూసేశాను. మెకానిక్‌తో పని పడలేదు.” దాని కింద గీత కూడా గీసుకున్నాను.

జూన్ 12

కాలి కోసం బావగారిని వార్డులో చేర్చుకున్నారు. అక్కడే ఆయనకి చెప్పేశాను. మచ్చ రెండో వేలికీ పాకింది. ఆయన దుప్పటి కాళ్ళ మీదికి లాక్కున్నారు. తర్వాత, అమ్మాయికి చెప్పకండి అన్నారు. అది మీ ఇంట్లోనే ఉండాలి కదా బావగారూ అన్నారు.

క్షమించానని అనలేదు. అనమని అడిగే మొహం నాకూ లేదు.

జూన్ 15

రెండు వేళ్ళు తీసేశారు.

జూన్ 17

కోడలు అన్నం వడ్డిస్తూ, మీరే లేకపోతే నాన్నని ఎవరు తిప్పేవారు మామయ్యగారూ అంది. కళ్ళు తుడుచుకుంది. ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది.

వేయించుకున్నాను. తిన్నాను.

జూలై 8

కార్పెట్ కింద స్పాంజి ఇంకా వాసన వేస్తోంది. దాన్ని తియ్యడానికి పక్క సీటు విప్పి వరండాలో పెట్టాను. సాయంత్రం బావగారు కర్ర పట్టుకుని వచ్చారు. కుర్చీ వేశాను. ఆయన ఆ కారు సీట్లోనే కూర్చున్నారు. పేపరంతా చదివి, మడిచి పక్కన పెట్టి, వెళ్ళిపోయారు.