మొగిలి ఇంగ్లిష్

12 జనవరి 2012
కొత్త ఇంగ్లిష్ కోర్సు మొదలైంది. సగం పాఠం నేను చెప్పాలి, సగం కంప్యూటర్ చెబుతుంది. దీన్ని బ్లెండెడ్ లెర్నింగ్ అంటారని ప్రిన్సిపాల్ గారు వివరించారు. మార్చిలో హైదరాబాద్ నుంచి ఒక కాల్ సెంటర్ వాళ్లు ఇంటర్వ్యూలకు వస్తారు. డిగ్రీ ఫైనలియర్‌లో ఒక్కరికైనా ఉద్యోగం రావాలట. లేకపోతే కోర్సూ లేదు, నేనూ లేను.

19 జనవరి
ల్యాబ్‌లో కరెంటు లేదు. కిటికీలోంచి రామగుండం కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తూనే ఉన్నాయి.

10 ఫిబ్రవరి
ఫైనలియర్ కుర్రాడు మొగిలి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తన గొంతు తనకు వినపడక, కంప్యూటర్ చెప్పిందల్లా అరిచి చెబుతాడు. అందరూ నవ్వుతారు. ఆపడు. ఎందుకింత పట్టుదల అని అడిగాను. తండ్రి నర్సింగం గని కార్మికుడు. "నాయిన నన్ను బొగ్గుబాయిల దిగనియ్యనన్నడు మేడం. మా ఇంట్ల గాయనే ఆఖరు గావాలెనట" అన్నాడు.
'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్'కి జవాబు ఇద్దరం కూర్చుని రాశాం. 'మై ఫాదర్ వర్క్ ఇన్ ద మైన్స్' అనేవాడు. ఇవాళ 'వర్క్స్' అన్నాడు.

6 మార్చి
నర్సింగం పోయాడు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానానికి నీళ్లు తోడుకుంటూ కూలిపోయాడట. గుండె. కంపెనీ క్వార్టర్ ముందు మనుషులు నిండిపోయారు. మొగిలి తల్లి లస్మవ్వ నా చేతులు పట్టుకుంది. "ఇంటర్వ్యూకు పంపుత మేడం. ఆయన మాట తప్పనియ్య."

19 మార్చి
మొగిలి ఇంటర్వ్యూకు గుండుతో వచ్చాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తన గురించి చెప్పమన్నారు. అప్పజెప్పాడు. 'మై ఫాదర్ వర్క్స్ ఇన్ ద మైన్స్.' తండ్రి పోయి రెండు వారాలైనా కాలేదు. నవ్వుతూ చెప్పాడు. నవ్వమని నేర్పింది నేనే. వాళ్లు 'గుడ్' అన్నారు.
బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

20 మార్చి
మొగిలి ఒక్కడే సెలెక్టయ్యాడు. ప్రిన్సిపాల్ గారు స్వీట్లు పంచారు.

2 ఏప్రిల్
లస్మవ్వ కాలేజీకి వచ్చింది. తండ్రి స్థానంలో మొగిలికి గనిలో ఉద్యోగం ఇస్తారు. వద్దంటే క్వార్టర్ ఖాళీ చేయాలి.
"నేనే పంపుతనన్న, గిప్పుడు నేనే వద్దంటున్న. ఆడ ఆర్నెల్లకు తీసేస్తే మాకు దిక్కెవలు? బాయిల పర్మనెంటు."
నేను ఇంగ్లిష్ ఉంటే ఎక్కడైనా బతకొచ్చు అన్నాను.
"మీకు మస్తు ఇంగ్లిష్ వస్తది గద మేడం. మీ నౌకరి పర్మనెంటేనా?"
వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. నాది ఏడాదికోసారి రెన్యూ చేసే కాంట్రాక్టు.
సాయంత్రం మొగిలికి ఫోన్ చేసి, ఆలోచించుకో అన్నాను. "ఆలోచించుడైంది మేడం" అన్నాడు.

11 జూన్
కోర్సు కొనసాగుతుంది. ఒకరికి ఉద్యోగం వచ్చిందిగా అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ అబ్బాయి చేరలేదన్నాను. రిపోర్టులో ఆ గడి లేదట.

9 సెప్టెంబర్
కూరగాయల మార్కెట్లో మొగిలి, పక్కన లస్మవ్వ. అతని కళ్ల అంచుల్లో బొగ్గు. అలవాటుగా 'హౌ ఆర్ యూ' అన్నాను. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:
"ఇంగ్లిష్‌ల మాట్లాడకుండ్రి మేడం. అవ్వ ఏడుస్తది."
సరే అన్నాను. తెలుగులో ఏం అడగాలో తోచలేదు.